చెవి ఆపరేషనుకి ‘కొంచెం మత్తు’ – ఏ మందు, ఎవరికి?

తణుకు నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

“నా వయస్సు 34. చిన్నప్పట్నించీ ఎడమ చెవిలో చీము కారుతుండేది. ఇప్పుడు చీము ఆగింది గాని కర్ణభేరికి చిల్లు ఉందనీ, ఆపరేషను చేసి మూసెయ్యాలనీ డాక్టరుగారు అన్నారు. పూర్తి మత్తు అక్కర్లేదట. చెవి చుట్టూ సూది వేసి, ‘కొంచెం మత్తు’ ఇచ్చి చేస్తారట. మా తోటికోడలికి ఇలాగే చేశారు. ఆవిడకి ఒక్క సంగతీ జ్ఞాపకం లేదు. పక్కింటి మాస్టారికి మాత్రం అన్నీ వినపడ్డాయట, మాటిమాటికీ కడుపులో తిప్పిందట. ఇద్దరికీ ఇచ్చింది ‘కొంచెం మత్తే’ కదా! ఇలా ఎందుకు జరిగింది? ఏది మంచి మందో మీరు చెబితే, నాకు అదే ఇమ్మని అడుగుతాను.”

ఈ ప్రశ్న అడిగే ధైర్యం లేక లోలోపల భయపడుతూ థియేటరులోకి వెళ్ళేవాళ్ళు చాలామంది. అంచేత ఈ వారం శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

రెండు మందులు, రెండు పనులు

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయం తొలగించుకోవాలి. నొప్పి తెలియకుండా చేసేది ‘కొంచెం మత్తు’ కాదు. ఆ పని చెవి చుట్టూ వేసే సూదిది. అందులో ఉండేది లిగ్నోకైన్. జైలోకెయిన్ అంటే చాలామందికి తెలుస్తుంది. పన్ను తీయించుకున్న వాళ్ళకి ఇది పాత పరిచయమే. స్వీడన్ దేశంలో 1943లో తయారైన మందు ఇది. చెవికి వచ్చే నరాలు ఒకచోటు నించి రావు. చెవి ముందు నించి ఒకటి, మెడ నించి ఒకటి, గొంతుకీ గుండెకీ కూడా పోయే వేగస్ నరం నించి ఒక చిన్న కొమ్మ ఉంటాయి. (చెవిలో పుల్ల పెట్టి తిప్పితే కొందరికి దగ్గు వస్తుంది చూడండి, అది ఈ కొమ్మ చలవే.) అంచేత నాలుగైదు చోట్ల సూది వెయ్యాల్సి వస్తుంది. ఆ మొదటి రెండు మూడు నిమిషాలే కాస్త బాధ. తర్వాత ఆ భాగం మొద్దుబారిపోతుంది.

ఈ సూదిలో కొద్దిగా అడ్రినలిన్ కూడా కలుపుతారు. అది రక్తనాళాలను ముడుచుకునేట్టు చేసి రక్తం కారడం తగ్గిస్తుంది, మందు ఎక్కువసేపు పనిచేసేట్టు చూస్తుంది. ఇది వేసిన వెంటనే కొందరికి గుండె దడదడలాడుతుంది. “నాకేదో అయిపోతోంది” అని కంగారు పడతారు. అది మందు ప్రభావం. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటుంది. అయినా ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. చెప్పకుండా పళ్ళు బిగబట్టుకోనక్కర్లేదు.

లిగ్నోకైన్‌కీ ఒక హద్దు ఉంది. అడ్రినలిన్ కలిపితే కిలో బరువుకి 7 మిల్లీగ్రాములు దాటకూడదు. 60 కిలోల మనిషికి 420 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందు 21 మిల్లీలీటర్లు. చెవికి సాధారణంగా అందులో సగం లోపే సరిపోతుంది.

మరి మత్తుమందు పని ఏమిటి? భయం తీర్చడం, గంటా గంటన్నర సేపు కదలకుండా పడుకునే నిబ్బరం ఇవ్వడం. సూది సరిగా పట్టకపోతే ఎంత మత్తు ఇచ్చినా ప్రయోజనం లేదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న వాడికి మత్తు పెంచుతూ పోతే, వాడు నిద్రపోడు సరికదా, స్వాధీనం తప్పి తల విదిలిస్తాడు. అప్పుడు చెయ్యాల్సింది ఇంకో రెండు చుక్కల లిగ్నోకైన్ వెయ్యడం.

ఇంతకీ మెలకువగా ఎందుకు ఉంచాలి?

కర్ణభేరి మందం మిల్లీమీటరులో పదో వంతు. చెవి పైన కణత కండరాన్ని కప్పుకుని ఉండే పల్చటి పొరను కొంచెం తీసి, ఆ చిల్లుకి మాసిక వేస్తారు. ఇదంతా మైక్రోస్కోపులో చూస్తూ చేసే పని. అక్కడ ఒక్క రక్తపు చుక్క పడితే కుంటలా కనిపిస్తుంది. ఏ మత్తు అయినా రక్తపు పోటుని పెంచితే డాక్టరుకి దారి కనపడదు. ఈ మాట గుర్తుంచుకోండి. మందు ఎంపికలో సగం రహస్యం ఇదే.

చెవిలో అన్నిటికంటే లోపలి ఎముక, గుర్రపు రికాబులాంటిది, మూడు మిల్లీమీటర్లుంటుంది. అది బిగుసుకుపోతే వినికిడి తగ్గుతుంది. దానికి చేసే ఆపరేషనులో రోగి మెలకువగా ఉంటే రెండు లాభాలు. వినికిడి వచ్చిందో లేదో అక్కడికక్కడే అడిగి తెలుసుకోవచ్చు. లోపలి చెవికి ఇబ్బంది కలిగితే “తల తిరుగుతోంది” అని రోగే హెచ్చరిస్తాడు. 1952లో న్యూయార్కులో శామ్యూల్ రోజెన్ అనే డాక్టరు ఇలాగే స్థానికంగా మొద్దుబార్చి ఆపరేషను చేస్తూ ఈ ఎముకను కదిలించి చూస్తుంటే, బల్ల మీది రోగి తనకి వినపడుతోందని చెప్పాడు. ఆ మాట నించే ఒక కొత్త వైద్యం మొదలైంది. రోగి గాఢనిద్రలో ఉంటే ఆ మాట ఎవరు చెప్పేవారు?

ముఖం కండరాలను ఆడించే నరం కూడా చెవిలోంచే పోతుంది. మెలకువగా ఉన్న మనిషిని “ఒకసారి పళ్ళు చూపించండి” అని అడిగి దాని క్షేమం కనుక్కోవచ్చు. పూర్తి మత్తు తర్వాత వచ్చే వాంతులూ ఈ పద్ధతిలో తక్కువ. వాంతి చేసుకుంటే వేసిన మాసిక కదిలే ప్రమాదం ఉంది కదా!

అంతమాత్రాన అందరికీ ఇదే పద్ధతని కాదు. చిన్నపిల్లలకీ, రెండు చెవులూ బొత్తిగా వినపడక మన మాట అందని వాళ్ళకీ, వెల్లకిలా గంటసేపు పడుకోలేని దగ్గు, ఆయాసం, నడుంనొప్పి వాళ్ళకీ, ముఖం మీద గుడ్డ కప్పితే ఊపిరాడనట్టు గాభరాపడే వాళ్ళకీ పూర్తి మత్తే మేలు. చెవి వెనక ఎముకను ఎక్కువగా డ్రిల్లుతో తొలచాల్సి ఉన్నా సాధారణంగా అంతే. ఆ మోత పుర్రె అంతా మారుమోగుతుంది.

‘కొంచెం’ అంటే ఎంత?

మత్తు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి మెట్టు మీద మనిషి నెమ్మదిగా, మామూలుగా మాట్లాడుతుంటాడు. రెండో మెట్టు మీద కునుకుతుంటాడు గాని పేరు పెట్టి పిలిచినా, భుజం తట్టినా కళ్ళు తెరిచి జవాబిస్తాడు. మూడో మెట్టు మీద గిల్లితే గాని కదలడు. అక్కడ నాలుక వెనక్కి పడి ఊపిరికి అడ్డం రావచ్చు. నాలుగోది పూర్తి మత్తు.

చెవి ఆపరేషనుకి మనకి కావల్సింది రెండో మెట్టు. చిక్కేమిటంటే ఈ మెట్ల మధ్య గోడలు లేవు. ఒకడికి రెండో మెట్టుకి సరిపోయిన మోతాదే ఇంకొకడిని మూడో మెట్టుకి దించేస్తుంది. అంచేతనే అనుభవం ఉన్న మత్తు డాక్టరు ఒక్కసారిగా సిరంజి ఖాళీ చెయ్యడు. కొంచెం ఇస్తాడు, ఆగుతాడు, చూస్తాడు, మళ్ళీ కొంచెం ఇస్తాడు.

మందుల పరిచయం

*డయాజిపామ్.* కాంపోజ్ అనే పేరుతో ఇంటింటా తెలిసిన మందు. భయం తీరుస్తుంది. కాని నరంలోకి ఇస్తే మండుతుంది. ఒంట్లోంచి ఒక పట్టాన పోదు. ఇచ్చిన దాంట్లో సగం పోవడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది, ముసలివాళ్ళలో ఇంకా ఎక్కువ. ఇప్పుడు ఇంజక్షనుగా ఈ పనికి వాడడం తగ్గింది.

*మిడజోలమ్.* డయాజిపామ్‌కి తమ్ముడు. నరం మండదు. రెండు మూడు గంటల్లో సగం పోతుంది. దీనికో విచిత్ర గుణం ఉంది. ఇచ్చిన తర్వాత జరిగినదేదీ మనసులో అచ్చుపడదు. సోదరీ, మీ తోటికోడలు గారికి ఏమీ జ్ఞాపకం లేదంటే ఆవిడ నిద్రపోయారని అర్థం కాదు. డాక్టరు అడిగిన వాటికి చక్కగా జవాబులు చెప్పి కూడా మర్చిపోయి ఉండవచ్చు. దీనికి నొప్పి తగ్గించే శక్తి లేదు. మోతాదు మించితే, ముఖ్యంగా నల్లమందు జాతి మందుతో కలిస్తే, ఊపిరి మందగిస్తుంది. కొద్దిమంది పెద్దవాళ్ళలో శాంతం బదులు తిక్క తెప్పిస్తుంది. విరుగుడు ఉంది, ఫ్లుమజెనిల్ అని.

*పెంటజోసిన్, ప్రోమెథజీన్.* ఫోర్ట్‌విన్, ఫెనర్గాన్ జంట అంటే ప్రభుత్వాస్పత్రుల సిస్టర్లందరికీ తెలుసు. ఎన్నో ఏళ్ళు ఈ జంటతోనే మన ఆస్పత్రుల్లో చెవి ఆపరేషన్లు నడిచాయి. చౌక, ఎక్కడైనా దొరుకుతుంది. పెంటజోసిన్ నొప్పి తగ్గిస్తుంది గాని రక్తపు పోటునీ గుండె వేగాన్నీ పెంచగలదు. కొందరికి కడుపులో తిప్పుతుంది, పీడకలలాంటి ఆలోచనలు వస్తాయి. ప్రోమెథజీన్ వాంతిని కొంత ఆపుతుంది, కాని ఆ మగత సాయంత్రం దాకా వదలదు, నోరు పిడచకట్టుకుపోతుంది.

*ఫెంటనిల్.* నొప్పికి బలమైన మందు. అందుకే దీని మోతాదు మైక్రోగ్రాముల్లో లెక్క. నిమిషాల్లో పనిచేసి త్వరగా దిగిపోతుంది. దురద, వాంతి రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఊపిరిని మందగింపజేస్తుంది. నాలోక్సోన్ దీనికి విరుగుడు.

*ప్రొపొఫాల్.* పాలలా తెల్లగా ఉంటుంది. అర నిమిషంలో నిద్ర, ఆపితే కొద్ది నిమిషాల్లో మెలకువ. కాని రెండో మెట్టుకీ నాలుగో మెట్టుకీ మధ్య దీనితో దూరం బహు తక్కువ. విరుగుడు లేదు. ఊపిరి నిలబెట్టగల మత్తు డాక్టరు తప్ప ఇతరులు ముట్టుకోకూడని మందు.

*కెటమిన్.* మంచి మందే. కాని రక్తపు పోటు పెంచుతుంది, వింత కలలు తెప్పిస్తుంది. చెవికి ప్రధాన మత్తుగా అంత అనువైంది కాదు.

*డెక్స్‌మెడెటోమిడిన్.* వీటన్నిటిలోకీ కొత్తది. అమెరికాలో 1999లో ఇంటెన్సివ్ కేర్ రోగుల కోసమూ, 2008లో ఇలాంటి ఆపరేషన్ల కోసమూ అనుమతి వచ్చింది. దీని నిద్ర మామూలు నిద్రకి దగ్గరగా ఉంటుంది. పిలిస్తే లేస్తారు, జవాబు చెప్పి మళ్ళీ కునుకుతారు. నొప్పిని కొంత తగ్గిస్తుంది. ఊపిరిని మిగతా వాటంతగా మందగించదు. రక్తపు పోటునీ గుండె వేగాన్నీ తగ్గిస్తుంది కనుక ఆపరేషను చోట రక్తం తక్కువ కారుతుంది. మన దేశంలోనే ఎన్నో వైద్య కళాశాలల్లో చెవి ఆపరేషన్లలో దీన్ని పాత మందులతో పోల్చి చూసి, సర్జన్లు తృప్తిపడ్డట్టు రాశారు.

మరి అందరికీ ఇదే ఇచ్చెయ్యవచ్చు కదా అంటారేమో. ఆగండి. రక్తం తగ్గించే ఆ గుణమే దీని ప్రమాదం కూడా. గుండె మరీ నెమ్మదించవచ్చు, పోటు మరీ పడిపోవచ్చు. ఒక్కసారిగా ఇవ్వకూడదు. సాధారణంగా కిలోకి ఒక మైక్రోగ్రాము చొప్పున, అంటే 60 కిలోల మనిషికి 60 మైక్రోగ్రాములు, పది నిమిషాల మీద ఎక్కించి, ఆ తర్వాత పంపు ద్వారా కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి. పెద్దవాళ్ళకి ఇంకా తగ్గించాలి. మర్చిపోయే గుణం దీనికి మిడజోలమ్ అంత లేదు. పాత మందుల కంటే ఖరీదు.

ముగ్గురు రోగులు, మూడు దారులు

మందు ఎంపిక ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఒకే రోజు ముగ్గురు ఇదే ఆపరేషనుకి వచ్చారనుకోండి.

మొదటి వ్యక్తి ముప్పయ్యేళ్ళ గృహిణి. ఏ జబ్బూ లేదు, భయం మాత్రమే ఉంది. నాడి 90 కొట్టుకుంటోంది. ఈవిడకి డెక్స్‌మెడెటోమిడిన్ చక్కగా సరిపోతుంది. ఆ సదుపాయం లేని చోట కొద్దిగా మిడజోలమ్, దానితో చాలా కొద్దిగా ఫెంటనిల్, వాంతికి ఆన్‌డాన్‌సెట్రాన్ ఇచ్చినా సుఖంగా జరిగిపోతుంది. ‘కొత్త మందు ఇవ్వలేదు’ అని బెంగపడాల్సిన పని లేదు.

రెండో వ్యక్తి అరవై అయిదేళ్ళ రిటైర్డు ఉద్యోగి. బి.పి.కి అటెనొలాల్ వేసుకుంటారు. నాడి 52. ఇ.సి.జి.లో గుండె కరెంటు దారిలో కొంత అడ్డంకి కనిపించింది. ఈయనకి డెక్స్‌మెడెటోమిడిన్ ఇస్తే అసలే నెమ్మదిగా ఉన్న గుండె ఇంకా నెమ్మదిస్తుంది. పెంటజోసిన్ పోటు పెంచుతుంది. మిడజోలమ్ ఇవ్వవచ్చు గాని పడుచువాళ్ళకిచ్చే దాంట్లో సగం, అదీ నెమ్మదిగా. ఇలాంటి వాళ్ళకి ఒక్కోసారి అన్నిటికంటే మంచి మందు, చెయ్యి పట్టుకుని కూర్చుని మాట చెప్పే ఒక సిస్టరు! ఇది హాస్యానికి అనడం లేదు.

మూడో ఆయన నలభై అయిదేళ్ళ కాంట్రాక్టరు. మెడ పొట్టి, లావు. గురక పక్క గదిలోకి వినపడుతుంది. నిద్రలో మధ్యమధ్య ఊపిరి ఆగినట్టుంటుందని భార్య చెప్పింది. రోజూ తాగే అలవాటు. ఇలాంటి వాళ్ళకి మత్తు కొంచెం పట్టగానే గొంతు మూసుకుపోతుంది. తాగుడు అలవాటున్న వాళ్ళకి మామూలు మోతాదు పనిచెయ్యక, పెంచితే ఒక్కసారిగా ఎక్కువైపోవచ్చు. వీళ్ళకి మిడజోలమ్, ఫెంటనిల్ కలిపి ఇవ్వడం కత్తి మీద సాము. అసలు మత్తే లేకుండా సూదితో చెయ్యడమో, లేదా గొంతులో గొట్టం పెట్టి పూర్తి మత్తు ఇవ్వడమో క్షేమం. వినడానికి వింతగా ఉన్నా, కొందరికి ‘కొంచెం మత్తు’ కంటే ‘పూర్తి మత్తు’ తక్కువ ప్రమాదం. ఎందుకంటే అక్కడ ఊపిరి మత్తు డాక్టరు చేతిలో ఉంటుంది.

సోదరీ, మీ ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. మంచి మందు అంటూ ఒకటి లేదు. ఫలానా మనిషికి మంచి మందు ఉంటుంది. మీరు మందు పేరు అడగడం కాదు, మీ సంగతులు పూర్తిగా చెప్పాలి.

దాచకూడని సంగతులు

నా సర్వీసులో ఒక పెద్దావిడ వచ్చింది. “ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?” అంటే “ఏమీ లేవు బాబూ” అంది. ఎంత ఇచ్చినా మత్తు పట్టదే! ఆపి, కూతుర్ని పిలిచి అడిగితే తేలింది, ఎనిమిదేళ్ళుగా రాత్రిపూట అల్‌ప్రజోలమ్ మాత్ర వేసుకుంటోందని. “అది నిద్రమాత్ర కదా, మందు కాదు కదా” అంది ఆవిడ. ఆవిడ దృష్టిలో జబ్బుకి వేసుకునేదే మందు. ఆ మాత్ర మిడజోలమ్‌కి దగ్గర చుట్టం. అలవాటు పడ్డ ఒంటికి మామూలు మోతాదు చాలదు. తెలియక పెంచుకుంటూ పోతే ఊపిరికి ముప్పు.

కాబట్టి ఇవన్నీ చెప్పండి: నిద్రమాత్రలు, నరాల మాత్రలు, ఫిట్స్ మందులు, బి.పి., షుగరు, గుండె మందులు, రక్తం పల్చబడే మందులు, తాగుడు, గంజాయి, గురక, ఆయాసం, ఇదివరకు మత్తు ఇచ్చినప్పుడు జరిగిన ఇబ్బంది, పడని మందులు, గర్భం, చంటిబిడ్డకి పాలిస్తుండడం. క్లారిత్రోమైసిన్‌లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు మిడజోలమ్‌ని ఒంట్లోంచి పోనివ్వక ఎక్కువసేపు నిలబెడతాయి. షుగరుకో, బరువు తగ్గడానికో వారానికొకసారి పొడుచుకునే కొత్త సూదిమందుల వల్ల కడుపు ఖాళీ కావడం ఆలస్యమవుతుంది. ఇవీ చెప్పాలి.

తాగుడు సంగతి అత్తమామల ముందు చెప్పడానికి సిగ్గుపడే మగవాళ్ళున్నారు. నిద్రమాత్ర సంగతి భర్త ముందు దాచే ఆడవాళ్ళున్నారు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. అందులో తప్పు లేదు. మీకు రోజూ వేసుకునే మాత్ర ఏదైనా మీ అంతట మీరు మానెయ్యకండి. ఏది ఆపాలో, ఏది ఆ ఉదయం కూడా గుక్కెడు నీళ్ళతో వేసుకోవాలో డాక్టరు చెబుతారు.

ఊపిరి మీద కన్ను

1888, 1889లలో మన హైదరాబాదులో, నిజాం ఇచ్చిన డబ్బుతో, క్లోరోఫాం మీద రెండు కమిషన్లు కూర్చున్నాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి పెద్ద ఎడ్వర్డ్ లారీ వాటికి మూలపురుషుడు. “నాడిని కాదు, ఊపిరిని చూడండి” అన్నది ఆయన వాదం. క్లోరోఫాం గుండెను ఏమీ చెయ్యదన్నది తప్పని తర్వాతి కాలంలో తేలిపోయింది. కాని ఊపిరిని కనిపెట్టుకుని ఉండాలన్న మాట నేటికీ నిలిచింది.

‘కొంచెం మత్తు’లో ముప్పు వచ్చేది సాధారణంగా ఊపిరి వైపు నించే. ముఖం మీద గుడ్డ కప్పి ఉంటుంది. సర్జను కళ్ళు మైక్రోస్కోపులో ఉంటాయి. అప్పుడు రోగి ఊపిరిని ఎవరు చూడాలి? ఆ పని మాత్రమే చెయ్యడానికి మరొక డాక్టరు ఉండాలి. ఆపరేషను చేసే చేతులే మత్తునీ చూసుకుంటామనడం సరికాదు. కరోనా రోజుల్లో అందరికీ తెలిసిన వేలి మిషను తప్పక ఉండాలి. కాని ఆక్సిజను పెట్టినప్పుడు ఊపిరి తగ్గినా ఆ అంకె వెంటనే పడదు. కాస్త ఆలస్యంగా గాని చెప్పదు. అంచేత బయటికి వదిలే గాలిని కొలిచే మిషను ఉంటే ఇంకా మంచిది.

ముందురోజు మీరు అడగదగ్గ ప్రశ్నలు మూడు: “మత్తు డాక్టరుగారు ఆపరేషను అయ్యేదాకా నా పక్కన ఉంటారా? ఆక్సిజనూ, ఊపిరి మిషనూ, విరుగుడు మందులూ గదిలో ఉంటాయా? అవసరమైతే పూర్తి మత్తుకి మార్చే ఏర్పాటు ఉందా?” మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ కోపగించుకోడు. మూడింటికీ జవాబు ‘లేదు’ అని వస్తే, తొందర లేని ఆపరేషనే కనుక, ఆ సౌకర్యాలున్న చోటికి వెళ్ళడం మేలు.

ఆ రోజూ, ఆ మర్నాడూ

టిఫినూ, పాలూ, పాలు పోసిన కాఫీ, టీ ఆపరేషనుకి 6 గంటల ముందే ఆపాలి. నూనె, మాంసం భోజనమైతే 8 గంటలు. ఉత్త మంచినీళ్ళు 2 గంటల ముందు వరకూ తాగవచ్చు. “కొంచెం మత్తే కదా, ఒక ఇడ్లీ తింటే ఏం?” అనకండి. మగతలో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోపలికి వెళ్ళే ముందు మూత్రానికి వెళ్ళి రండి.

బల్ల మీద నొప్పి తెలియదు గాని తాకిడి తెలుస్తుంది, రక్తం పీల్చే గొట్టం హోరుమంటుంది. చెవిలో చల్లటి నీరు తగిలితే క్షణంసేపు తల తిరుగుతుంది. నొప్పి అనిపించినా, దగ్గు వస్తున్నా, తల కదపకుండా ముందు నోటితో చెప్పండి. ఆపరేషను తర్వాత మూతి ఒక పక్కకి లాగినట్టు ఉంటే చాలాసార్లు అది లిగ్నోకైన్ ముఖపు నరానికి తగలడం వల్లే. కొద్ది గంటల్లో పోతుంది. అయినా వెంటనే చూపించాలి.

ఒక మనిషి తోడు లేకుండా ఇంటికి వెళ్ళవద్దు. 24 గంటలపాటు స్కూటరు, కారు నడపకూడదు, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు, మద్యం ముట్టకూడదు. చెవిలో నీరు పోనివ్వకూడదు. నూనె చుక్కలు వద్దు. ముక్కు గట్టిగా చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.

మరికొన్ని సందేహాలు

*“మత్తులో రహస్యాలు బయటపెడతామా?” – ఒక విద్యార్థిని, విజయనగరం.*

సినిమాల్లో జరిగినట్టు జరగదు. మాట కాస్త తడబడుతుంది, కొందరు పొంతన లేకుండా నాలుగు ముక్కలు అంటారు. అవి ఎవరూ పట్టించుకోరు, బయటికి చెప్పరు.

*“మా నాన్నగారికి 72. షుగరు ఉంది. మత్తు ఇస్తే మతిమరుపు వస్తుందా?” – ఒక పాఠకుడు, ఖమ్మం.*

పెద్దవాళ్ళలో ఆ రోజూ మర్నాడూ తికమక పడడం ఉంది. మిడజోలమ్, ప్రోమెథజీన్ లాంటివి ఎంత తక్కువ ఇస్తే అంత మంచిది. కళ్ళజోడూ, రెండో చెవికి మిషను ఉంటే అదీ త్వరగా ఇచ్చెయ్యండి. తెలిసిన మనిషి పక్కన ఉండాలి. రెండు మూడు రోజులైనా తేరుకోకపోతే తీసుకురండి. షుగరు మాత్ర ఆ ఉదయం వెయ్యాలో వద్దో ముందే అడగండి.

*“అసలు మత్తే వద్దంటే ఒప్పుకుంటారా?” – ఒక టీచరు, నల్లగొండ.*

ఎందుకు ఒప్పుకోరు? సూది సరిగ్గా పడితే, మనసు నిబ్బరంగా ఉంటే, ఉత్త లిగ్నోకైన్‌తోనే హాయిగా చేయించుకున్న వాళ్ళు ఎందరో. అయినా నరంలో సూది పెట్టి ఉంచడం, మత్తు డాక్టరు దగ్గర ఉండడం మాత్రం మానకూడదు. మధ్యలో మీకు కావాలనిపిస్తే అప్పుడు కొంచెం ఇవ్వవచ్చు. ఇచ్చిన మందుని వెనక్కి తీసుకోవడం కంటే, ఇవ్వని మందుని ఇవ్వడం ఎప్పుడూ తేలిక.